ఒక నిమిషం రూమ్ టోన్

దయ్యాలు, ఆత్మలు అంటే నవ్వే ఇంట్లో పుట్టాను నేను. మాది మిషన్ కాలం నుంచి చర్చికి పోయే కుటుంబం. మా బాపు, అంటే నాన్న, బొగ్గు బాయిలో ఇరవై రెండేళ్ళు పని చేశాడు. బాయిలో చనిపోయినవాళ్ళు మలుపుల దగ్గర కనబడతారని తోటి కార్మికులు చెప్పుకునేవాళ్ళు. బాపు మాత్రం "దయ్యమైతే ఏంది, అదిగూడ మస్టర్ పడే లోపలికి రావాలె గద" అనేవాడు. మస్టర్ అంటే హాజరు. హాజరు పడకుండా ఎవరూ కిందికి దిగలేరు కాబట్టి దయ్యాలు లేవని ఆయన లెక్క. నా లెక్కా అదే.

అందుకే ఇది రాయడానికి రెండేళ్ళు పట్టింది. నమ్మమని నేను ఎవరినీ అడగడం లేదు. జరిగింది జరిగినట్టు, నాకు తెలిసిన వివరాలన్నీ పెట్టి రాస్తున్నాను. నేను ఎక్కడ పొరబడ్డానో ఎవరైనా పట్టుకుంటే సంతోషిస్తాను. నా అంతట నేను వెతికి వెతికి అలసిపోయాను.

నేను కరీంనగర్‌లో గ్రాఫిక్ డిజైన్, డిజిటల్ మీడియా టెక్నాలజీ డిగ్రీ చదివాను. మా నస్పూర్‌లో ఆ కోర్సు పేరు పూర్తిగా పలికినవాళ్ళు లేరు. అందరికీ అది "ఫ్లెక్సీల సదువు". సెలవులకు ఇంటికి వస్తే చాలు, పుట్టినరోజులకీ గృహప్రవేశాలకీ ఫ్లెక్సీ చేసిపెట్టమని ఫోటోలు పట్టుకుని వచ్చేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. అవ్వ, అంటే మా అమ్మ, మాత్రం వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి చాయ్ పోసేది. బాపు నా పక్కన కుర్చీ వేసుకుని, ఫోటోలో మనుషుల వెనకున్న గోడలూ బీరువాలూ ఒక్కొక్కటిగా మాయమవుతుంటే నోరు తెరిచి చూసేవాడు.

అప్పటికే ఆయన మెడికల్ అన్‌ఫిట్ అయ్యి ఇంట్లో ఉంటున్నాడు. ఎడతెగని దగ్గు. మాట మొదలుపెడితే మధ్యలో దగ్గు, దగ్గు ఆగితే మళ్ళీ మాట. మాకు అలవాటైపోయింది. కొత్తవాళ్ళు ఎవరైనా వచ్చి కంగారుపడితే "ఏం ఫికర్ జెయ్యకుండ్రి, ఇంజను మంచిగనే ఉన్నది, పొగ గొట్టమే జర ఖరాబైంది" అని ఆయనే సర్దిచెప్పేవాడు.

రెండో సంవత్సరంలో మాకు సౌండ్ పేపర్ ఉండేది. ఐదు నిమిషాల డాక్యుమెంటరీ తీయాలి, మాటల కంటే శబ్దాలతోనే కథ నడవాలి అని సార్ చెప్పారు. నేను మా అవ్వ బొంత కుట్టడం తీయాలనుకున్నాను. కాలనీలోని ఆడవాళ్ళు పాత చీరలు తెచ్చి ఇస్తే, అవ్వ వాటిని పొరలు పొరలుగా పరిచి, చిరిగినచోట అతుకులు వేసి, దారంతో బొంత కుట్టి ఇస్తుంది. సూది గుడ్డలోకి దిగే చప్పుడు, దారం లాగినప్పుడు వచ్చే సన్నని రాపిడి, గాజులు, అవ్వ పళ్ళతో దారం కొరకడం. నాకు కావలసినవన్నీ ఉన్నాయి. కాలేజీ కెమెరా, మైకు, మెమరీ కార్డు తీసుకుని పెద్దపల్లి మీదుగా బస్సులో ఇంటికి వచ్చాను.

రెండు రోజులు షూటింగ్ చేశాను. ఆ రెండు రోజులూ బాపును ఎన్నిసార్లు కసురుకున్నానో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. మైకు పెట్టడం ఆలస్యం, పక్క గదిలోంచి దగ్గు. దగ్గు ఆపుకుంటే మాట. "గా పచ్చ చీర మీ నానమ్మది, నా పెండ్లికి కట్టుకున్నది" అని వెనక నుంచి చెప్పేవాడు. నాకు చప్పుడు పడదు. పని దగ్గర అసలే పడదు. చివరికి "బాపూ, నీకు దండం పెడత, జరసేపు బయట కూసో" అన్నాను. ఆయన ఏమీ అనుకోకుండా కుర్చీ ఎత్తుకుని గేటు దగ్గరికి పోయి కూర్చున్నాడు.

అన్నీ అయ్యాక రూమ్ టోన్ తీసుకున్నాను. తెలియనివాళ్ళకు చెప్తాను. ఏ గదిలో షూటింగ్ చేసినా చివర్లో ఒక నిమిషం ఎవరూ కదలకుండా, మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకుంటారు. ప్రతి గదికీ తనదైన నిశ్శబ్దం ఉంటుంది. ఎడిటింగ్‌లో అక్కర్లేని చప్పుడు కత్తిరిస్తే అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ వినేవాళ్ళకు తెలిసిపోతుంది. దాన్ని కప్పడానికి ఈ నిశ్శబ్దపు ముక్కను అతుకు వేస్తారు.

ఇదంతా బాపుకు గేటు దగ్గరే చెప్పాను, ఆ ఒక్క నిమిషం అస్సలు దగ్గొద్దని. ఆయనకు భలే నచ్చింది. "సప్పుడు లేకపోవుడు గూడ సప్పుడేనా? గిది మాకు ఎరుకే. బాయిల కప్పు కొట్టి చూస్తే గట్లనే ఇనాలె" అన్నాడు. ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి, శబ్దాన్ని బట్టి అది నిలుస్తుందో కూలుతుందో చెప్పడం ఆయన పని. తర్వాత తువ్వాలు నోట్లో కుక్కుకుని కాలనీ చివరిదాకా నడుచుకుంటూ పోయాడు. దూరంగా పోతే ఇంకా మంచిదని ఆయనే అనుకున్నాడు. నేను ఫ్యాను ఆపి, గోడ గడియారం తీసి బీరువాలో పెట్టి, ఒక నిమిషం రికార్డు చేశాను. గదిలో నేను, అవ్వ. ఇంకెవరూ లేరు.

కరీంనగర్ పోయాక కూర్చుని ఎడిటింగ్ చేశాను. బాపు దగ్గినచోటల్లా, మాట్లాడినచోటల్లా కత్తిరించి రూమ్ టోన్ అతికించాను. మొత్తం పదకొండు అతుకులు. నానమ్మ చీర గురించి చెప్పిన మాట కూడా అందులో పోయింది. క్లాసులో వేసినప్పుడు సార్ "చాలా శుభ్రంగా ఉంది" అన్నారు. ఆ మాటకు నేను వారం రోజులు నేల మీద నడవలేదు. కార్డు డిపార్టుమెంటుకి తిరిగి ఇవ్వాలి, నా లాప్‌టాప్‌లో చోటు లేదు. తయారైన సినిమా, దాని ఎడిటింగ్ ఫైలు, రూమ్ టోన్ ఫైలు ఉంచుకుని మిగతాదంతా చెరిపేశాను.

ఆఖరి సంవత్సరం, ఆఖరి సెమిస్టర్‌లో బాపు పోయాడు.

నాలుగు రోజుల ముందు ఆయాసం ఎక్కువైతే మంచిర్యాలలో ఆసుపత్రిలో చేర్చారు. తగ్గుతుందన్నారు, తగ్గుతున్నట్టే ఉండింది కూడా. ఐదో రోజు పగలు, అవ్వ రక్తపరీక్ష కాగితం తేవడానికి కిందికి పోయి వరుసలో నిలబడింది. తిరిగి వచ్చేసరికి ఆయన ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టి ఉంది. చుట్టూ నర్సులు ఉన్నారు. కళ్ళు తెరిచి ఉన్నాయి కానీ మాట లేదు. మధ్యాహ్నం ఒంటిగంట లోపే అయిపోయింది. నేను కరీంనగర్ నుంచి బయల్దేరి వచ్చేసరికి ఆయనను ఇంటికి తెచ్చేశారు.

అవ్వ ఏడుపు అంతా ఒకే మాట మీద నడిచింది. "నాతోని ఒక్క మాట అనలే. ముప్పై ఏండ్లు ఉంటే, పోయెటప్పుడు ఒక్క మాట అనలే." వచ్చిన ప్రతివాళ్ళతోనూ అదే చెప్పింది. కాగితం కోసం పోకపోయి ఉంటే ఏదో ఒకటి అనేవాడని తనను తాను తిట్టుకునేది.

ఆ సాయంత్రమే మా చర్చి పెద్దలు ఒకరు నా దగ్గరికి వచ్చి మెల్లగా "అమ్మా, ఫ్లెక్సీ నువ్వే చేస్తవా, బయట ఇయ్యమంటవా" అని అడిగారు. నేనే చేస్తానన్నాను. మూడేళ్ళు చదివి నేర్చుకున్న పనితో మా బాపు చెవుల చుట్టూ, జుట్టు చుట్టూ గీత గీసి, వెనకున్న గోడను తీసేశాను. ఇంటి గోడ అది. పక్కన ఎప్పటిలా కుర్చీ వేసుకుని చూసేవాళ్ళు ఎవరూ లేరు. పని పూర్తయ్యేదాకా నాకు ఏడుపు రాలేదు, అయ్యాక ఆగలేదు.

నెల రోజులకు జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. ఈమధ్య మా దగ్గర కూడికల్లో పోయినవాళ్ళ ఫోటోలతో ఒక వీడియో చేసి తెర మీద వేస్తున్నారు. ఆ చదువే చదువుతున్న బిడ్డ ఇంట్లో ఉండగా ఇంకెవరు చేస్తారు? అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, నాకే అప్పజెప్పారు. అవ్వ ఒక్కటే కోరింది. "ఫోటోలు ఎన్నన్న పెట్టు. మీ బాపు మాట ఒక్కటి పెట్టు. దగ్గైనా సరే."

అప్పుడు మొదలైంది నా వెతుకులాట. బాపుది బటన్ ఫోను, వాయిస్ మెసేజ్‌లు లేవు. బంధువుల పెళ్ళి వీడియోలు ఐదు తెప్పించాను. మూడింటిలో బాపు కనబడ్డాడు, ఒకదానిలో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు కూడా. కానీ వీడియోవాళ్ళు మొత్తం మీద పాటలు వేసేశారు. చర్చిలో ఫోనుతో తీసిన వీడియోల్లో అందరి పాటలో ఆయన పాట కలిసిపోయింది. కాలేజీకి పోయి కార్డులు ఇమ్మని అడిగి, చెరిగిన ఫైళ్ళు తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్ పెట్టి చూశాను. నా తర్వాత రెండు బ్యాచ్‌లు ఆ కార్డుల మీద రికార్డు చేసుకున్నాయి. ఏమీ మిగలలేదు.

నా హాస్టల్ గదిలో ఉండే రమ్యది మెట్‌పల్లి. వాళ్ళ నాన్న పదమూడేళ్ళుగా దుబాయిలో ఉన్నాడు. తన ఫోన్లో ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లు వందలున్నాయి, అన్నం తిన్నావా దగ్గర్నుంచి. సముద్రం అవతల ఉన్న తండ్రి గొంతు ఆమె దగ్గర అంత ఉంది. పక్క గదిలో ఉన్న తండ్రి గొంతును నేనే కూర్చుని, ముక్క ముక్క చేసి తీసేశాను.

ఈ సంగతి అవ్వకు చెప్పడానికి ధైర్యం లేకపోయింది. కూడిక ఇంక మూడు రోజులుందనగా ఒక మధ్యాహ్నం, అన్నాలు తిన్నాక, మంచం మీద లాప్‌టాప్ పెట్టి బొంత సినిమా వేశాను. ఇందులో బాపు లేడని చూపించి, అప్పుడు చెప్పేద్దామనుకున్నాను. అవ్వ మంచానికి ఆనుకుని కింద కూర్చుంది. తెర వంక చూడలేదు. కొంగు అంచు వేళ్ళతో సవరించుకుంటూ వింటోంది.

అర నిమిషం కాగానే "గీడ దగ్గిండు" అంది.

నేను పట్టించుకోలేదు. కాసేపాగి మళ్ళీ "గిప్పుడు మల్ల" అంది. నాలుగోసారి అనేసరికి నేను సినిమా ఆపి, ఎడిటింగ్ ఫైలు తెరిచాను. వీడియో ముక్కలు చెరిగిపోయినా, ఎక్కడ కోత పడిందో ఫైలులో గుర్తులుంటాయి. మొదటి నుంచి మళ్ళీ వేసి, అవ్వ అన్న ప్రతిసారీ టైమ్ రాసుకున్నాను. పదకొండుసార్లు అంది. పదకొండూ నా అతుకులే. ఒకచోట దగ్గు అనలేదు, "కుర్సీ జరిపిండు" అంది. నాకది గుర్తే లేదు. ఆ కోతకు నేను పెట్టుకున్న పేరు చూస్తే "కుర్చీ" అని ఉంది.

అయినా అది జ్ఞాపకమే అనుకున్నాను. షూటింగ్ అప్పుడు ఆమె అక్కడే ఉంది. ముప్పై ఏళ్ళు పక్కనున్న మనిషి ఎప్పుడు దగ్గుతాడో ఆమెకు తెలియదా? నేను ముక్కల వరుస మార్చి, చివర తీసింది మొదట పెట్టానన్న మాట నిజమే. అయినా బొంతలో సూది ఎక్కడిదాకా వచ్చిందో చప్పుడును బట్టే ఆమెకు తెలిసి ఉంటుంది. ఇంతవరకు నాకు ఏ ఇబ్బందీ లేదు.

"గా జాగల ఏమున్నది?" అని అడిగింది అవ్వ. ఇక దాచలేక అంతా చెప్పాను. బాపును కత్తిరించానని, అక్కడ ఖాళీ నిశ్శబ్దం అతికించానని, అసలువి చెరిపేశానని. తిడుతుందనుకున్నాను. ఆమె "చినిగినకాడ ముక్క ఏస్తం గద, గట్లనా" అంది. అవునన్నాను. "అయితే గా ముక్క ఇనిపియ్యి" అంది.

అందులో ఏమీ ఉండదని చెప్పాను. అయినా వినిపించమంది. నా హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు పెట్టి రూమ్ టోన్ ఫైలు వేశాను. పగలు రెండు గంటలు దాటింది. తలుపు తీసే ఉంది. వీధిలో ఎవరో ప్లాస్టిక్ బిందెలు అమ్ముతున్నారు.

తెర మీద సెకన్లు కదులుతుంటే నేను అవ్వ ముఖం చూస్తున్నాను. నలభై సెకన్లు దాటాక ఆమె చెయ్యెత్తి నన్ను ఆగమన్నట్టు సైగ చేసింది. నేనేమీ మాట్లాడటం లేదు. ఫైలు అయిపోయింది. ఆమె ఒక చెవి మీద నుంచి హెడ్‌ఫోను తీసింది.

"మీ బాపే" అంది. "నన్నేం అంటలేడు. నిన్నే అడుగుతుండు."

"ఏమని?"

"రెండర్ అయిందా బిడ్డా అంటుండు. రెండర్ అంటే ఏందే?"

ఇక్కడ నేను ఇంతవరకు రాయని సంగతి ఒకటి రాయాలి. రాయకుండా దాటేద్దామని చాలాసార్లు చూశాను.

బాపు పోయిన రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు నా ఫైనల్ ప్రాజెక్టు ఇవ్వాలి. యానిమేషన్ ప్రాజెక్టు. ల్యాబులో పొద్దున్నే రెండర్ పెట్టాను. రెండర్ అంటే మనం చేసిన బొమ్మలన్నిటినీ కంప్యూటర్ కలిపి ఒక వీడియోగా తయారుచేయడం. గంటలు పడుతుంది, మధ్యలో ఆగిపోతే మళ్ళీ మొదటికి వస్తుంది. అది అప్పటికే రెండుసార్లు ఆగిపోయింది. పదకొండు దాటాక బాపు ఫోను వచ్చింది. ఆయన గొంతు వినబడగానే, ఏం చెప్పబోతున్నాడో వినకుండా, "బాపూ, రెండర్ పెట్టిన. అయినంక నేనే చేస్త" అన్నాను. "మంచిది బిడ్డా. అది అయినంకనే చెయ్యి" అన్నాడు. నేనే ఫోను పెట్టేశాను.

రెండర్ పన్నెండుకు పది నిమిషాల ముందు అయింది. ఫైలు ఇచ్చి, సంతకం పెట్టి, క్యాంటీన్‌లో రమ్యతో కలిసి ఒక సమోసా తిని, అప్పుడు ఫోను చేశాను. ఒంటిగంట కావస్తోంది. అవ్వ ఎత్తింది. ఆమె ఏడుపే వినబడింది.

ఆ ఫోను సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అవ్వకు అసలే చెప్పలేదు. "ఒక్క మాట అనలే" అని ఆమె ఏడుస్తుంటే, ఆఖరి మాట మాట్లాడాలని ఆయన నాకే ఫోను చేశాడని, నేను పెట్టేశానని ఎట్లా చెప్పను? ఆయన ఫోన్లో కాల్ లిస్టు కూడా ఆ రోజే చెరిపేశాను. చెరపడం నాకు బాగా వచ్చిన పని కదా.

రెండర్ అనే మాట మా ఇంట్లో నేను ఎప్పుడూ వాడలేదు. ఇంట్లో "పని అయితుంది" అనేదాన్ని. ఆ మాట బాపు విన్నది ఆ ఒక్కసారే.

ఆ పూట కూడా బుద్ధి చెప్పినట్టే చేశాను, పరీక్షించాను. అవ్వకు తెర కనబడకుండా లాప్‌టాప్ తిప్పి, కాలేజీ ల్యాబులో తీసిన వేరే రూమ్ టోన్ వేశాను. అదీ ఒక నిమిషమే, అదీ ఖాళీయే. కాసేపు విని "గిది మనిల్లు గాదు. గీడ ఎవ్వలు లేరు" అంది. మళ్ళీ మా ఇంటిది వేశాను. "గదే అడుగుతుండు. అయిందా బిడ్డా అంటుండు" అంది. మూడోసారి వేశాను. అదే. అదే చోట, నలభై సెకన్లు దాటాక. ఆమె భయపడలేదు. ముఖంలో నెల రోజులుగా లేని వెలుగు వచ్చింది. ఇంకోసారి పెట్టమని నా చెయ్యి పట్టుకుంది.

నాలుగోసారి వేసినప్పుడు నేను తట్టుకోలేకపోయాను. ఆమె చెయ్యెత్తి ఆగమన్న క్షణంలోనే పైకి అనేశాను. "అయింది బాపూ. ఎప్పుడో అయింది. నేనే ఫోన్ చెయ్యలే." ఏడుస్తూ ఇంకా ఏదేదో అన్నాను. అవ్వ హెడ్‌ఫోన్లు తీసి నన్ను దగ్గరికి తీసుకుంది. అప్పుడే ఆమెకు అంతా చెప్పాను, ఫోను సంగతి, కాల్ లిస్టు సంగతి. ఆమె నా తల నిమురుతూ విన్నది.

తర్వాత ఆమె మళ్ళీ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. నేను ఫైలు వేశాను. నిమిషం అయిపోయింది. ఇంకోసారి అంది. అదీ అయిపోయింది.

"ఇంగ అంటలేడు" అంది.

బొంత సినిమా వేశాను. పదకొండు చోట్లలో ఒక్కచోట కూడా ఆమె ఏమీ అనలేదు. "ఉత్తగనే ఉన్నది" అంది.

నేను చేయగలిగిన విచారణ అంతా చేశాను. ఆ ఫైలును నేను కొన్ని వందలసార్లు విన్నాను, శబ్దం పెంచి, నెమ్మది చేసి. సౌండ్ సార్ దగ్గరికి తీసుకుపోయి, కారణం చెప్పకుండా చూడమన్నాను. ఆయన శబ్దాన్ని బొమ్మగా చూపించే తెర మీద పెట్టి, దూరపు యంత్రాల సన్నని హోరు తప్ప మనిషి గొంతు ఆనవాలు లేదన్నారు. తర్వాత కారణం చెప్తే, ఖాళీ శబ్దంలో మన మనసు తనకు కావలసిన గొంతును కట్టుకుంటుందని, దుఃఖంలో ఉన్నవాళ్ళకు ఇది మామూలేనని ఓపికగా వివరించారు. నేను ఒప్పుకుంటాను. కానీ మనసు తనకు తెలియని మాటను ఎక్కడి నుంచి తెస్తుంది?

బాపు ఆ మాట అవ్వకు చెప్పి ఉంటాడా అని కూడా చూశాను. నాకు ఫోను చేసినప్పుడు ఆమె కింద వరుసలో ఉంది. పైకి వచ్చేసరికి మాస్కు ఉంది. పక్క మంచం పేషెంటు వాళ్ళ ఊరు కనుక్కుని, ఆయన భార్యను అడిగాను. బాపు ఎవరికో ఫోను చేయడం చూసిందట. ఏం మాట్లాడాడో వినలేదట, అవ్వకు ఏమీ చెప్పలేదట. నేను నిద్రలో ఆ మాట పలికి ఉంటానేమో. ఆ నెలలో చాలా రాత్రులు అవ్వ పక్కనే పడుకున్నాను కాబట్టి అది కావచ్చు. దానికి మాత్రం సాక్ష్యం ఎవరూ లేరు.

కూడిక రోజు వీడియో వేశారు. చివర్లో బాపు ఫోటో ఉంచి, దాని కింద ఆ ఒక నిమిషం పెట్టాను. అవ్వే పెట్టమంది. చర్చిలో సౌండ్ చూసే అతను స్పీకరు పాడైందనుకుని లేచి వైర్లు కదిలించాడు. కొందరు వెనక్కి తిరిగి చూశారు, కొందరు ప్రార్థన అనుకుని తలలు వంచారు. అయ్యగారికి ఈ సంగతేమీ చెప్పొద్దని అవ్వ నాకు ముందే చెప్పింది. ఆమె ముందు వరుసలో కూర్చుని, తల కొంచెం పక్కకు వంచి, నిమిషం అయ్యేదాకా విన్నది.

అందరూ భోజనాలు చేసి పోయాక, గిన్నెలు కడుగుతూ అప్పుడు అంది. కోపంగా అనలేదు. గిన్నె వంకే చూస్తూ అంది.

"జర ఆగి జవాబు చెప్తే అయిపోయేది గదనే. నీ ముచ్చట ఒడిసినంక నన్ను పలకరిస్తడని కూసున్న."

నెల రోజులు ఒక్క మాట కోసం ఏడ్చిన మనిషి. ఆ మాట దొరికితే, అది కూతురి కోసం వచ్చిన మాట. దానికీ ఆమె ఏమీ అనుకోలేదు, నవ్వుతూ నాకు అందించింది. తన వంతు కోసం ఓపిగ్గా కూర్చుంది. నేను తొందరపడ్డాను.

ఇప్పుడు నేను కరీంనగర్‌లోనే ఒక స్టూడియోలో ఎడిటింగ్ చేస్తున్నాను. అవ్వ నా దగ్గరే ఉంటుంది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆ ఫైలు ఒకసారి పెట్టమంటుంది. నిమిషంపాటు వింటుంది, హెడ్‌ఫోన్లు తీసి నా చేతికిస్తుంది, వంటింట్లోకి పోతుంది. ఏమన్నా అన్నాడా అని నేను అడగను.

ఆ మాట ఆమెకు ఎట్లా వినబడిందో నాకు తెలియదు. నేను జవాబు చెప్పగానే ఎందుకు ఆగిపోయిందో అంతకన్నా తెలియదు. ఆ రోజు నేను నోరు మూసుకుని ఉండాల్సింది అన్నది ఒక్కటే తెలుసు.